ముందుగా ఒక మాట

మన దేశం బయటి నుంచి కొనుక్కునే మినుముల్లో చాలా భాగం బర్మా, అంటే ఇప్పటి మయన్మార్‌లోని యాంగోన్ రేవులో ఓడెక్కుతుంది. చెన్నైలోనో ముంబైలోనో దిగి, మిల్లులో పొట్టు వదిలి, ఆఖరికి మన ఇంట్లో ఇడ్లీ పిండిగా పొంగుతుంది. ఆ వ్యాపారంలోనే, యాంగోన్‌లో, నా ఉద్యోగం. గోడౌనులో సరుకు చూడటం, తేమ శాతం రాసుకోవడం, ఓడ కాగితాలు సరిచూడటం నా పని. ఈమధ్య మాత్రం నా ఆలోచన గింజ మీద కన్నా దాని చుట్టూ పనిచేసే మనుషుల మీదికి ఎక్కువగా పోతోంది. వాళ్ళ నిద్ర మీదికి, వాళ్ళ దిగుళ్ళ మీదికి.

యాంగోన్‌లో కరెంటు వంతుల వారీగా వస్తుంది. పేటకో వేళ. ఆ వేళలూ తరచూ మారుతుంటాయి. ఎండలు ముదిరితే ఆ వంతు కూడా సరిగా రాదు. రాత్రి ఒంటిగంటకు కరెంటు వచ్చే పేటలో కాపురం ఉన్నవాళ్ళు ఆ ఒంటిగంటకే లేవాలి. మోటారు వేసి నీళ్ళు ఎక్కించుకోవాలి, రైస్ కుక్కర్ పెట్టుకోవాలి, ఫోన్లూ బ్యాటరీలూ చార్జింగులో పెట్టాలి, మర్నాటి బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి. ఐదింటికి కరెంటు పోతుంది. ఏడింటికి ఫెర్రీ వస్తుంది. ఉద్యోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకొచ్చే బండిని ఈ ఊళ్ళో ఫెర్రీ అంటారు.

మా ఆఫీసులో బిల్లులు చూసే అమ్మాయి పది గంటలకల్లా బల్ల ముందు తూగేది. కంటైనర్ నంబర్లలో ఒక అంకె అటూ ఇటూ అయ్యేది. ఓడ కాగితంలో ఒక అంకె తప్పితే ఎంత తిప్పలో మా పనివాళ్ళకు తెలుసు. ఆమెను పిలిచి గట్టిగా అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మా మేనేజరు గుంటూరు మనిషి, మాట కరుకు. ఒకరోజు ఆయన ఏమనుకున్నాడో, ఒక నోటుపుస్తకం తెచ్చి రిసెప్షన్ బల్ల మీద పెట్టాడు. మీమీ పేటల్లో ఈ వారం కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో రాయండి అన్నాడు. అందరూ రాశారు. దాన్నిబట్టి ఫెర్రీ వేళలు మార్చాడు. తెల్లవారుజామున కరెంటు వచ్చే పేటలవాళ్ళు పదిన్నరకు వచ్చినా ఫరవాలేదన్నాడు. ఏ వారం ఎవరు ఎన్నింటికి రావాలో ముందు శుక్రవారమే గోడ మీద అంటిస్తున్నారు. బిల్లుల్లో తప్పులు తగ్గాయి. ఆ అమ్మాయి మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మళ్ళీ నలుగురితో కలిసి కూర్చుంటోంది.

మానసిక ఆరోగ్యం అన్న మాట ఆ రోజు మా ఆఫీసులో ఎవరి నోటా రాలేదు. కానీ జరిగింది సరిగ్గా అదేనని నా నమ్మకం. పనిచేసే మనిషికి కష్టం కొత్తకాదు. బస్తా బరువునీ, ఎండనీ, పొడవైన రోజునీ ఓర్చుకుంటాడు. రేపు ఏం జరుగుతుందో తెలియకపోవడం ఒక్కటే మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. జీతం వస్తుందా, పని ఉంటుందా, ఎవరైనా కోప్పడతారా, ఎందుకు కోప్పడతారు అన్న గుబులు. రేపటి సంగతి తెలియజెప్పగలిగినవాడు చెప్పకుండా ఊరుకుంటే, తర్వాత ఎన్ని ఉపశమనాలు ఇచ్చినా అవి పైపూతలే.

ఈ మాట కేవలం నా అనుభవం మీద అనడం లేదు. ఇప్పుడు చాలావరకు పెద్ద కంపెనీలు ఉద్యోగుల కోసం ధ్యానం యాప్‌లు, యోగా తరగతులు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు పెడుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46 వేలకు పైగా ఉద్యోగుల జవాబులను పరిశీలించి 2024లో ప్రచురించాడు. ఇలాంటివి అందుకున్నవాళ్ళ పరిస్థితి, అందుకోనివాళ్ళ కన్నా మెరుగ్గా ఏమీ లేదు. స్వచ్ఛంద సేవకు వీలు కల్పించిన చోట మాత్రం కాస్త తేడా కనిపించింది. ఇంకోవైపు అమెరికాలో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లోని గ్యాప్ బట్టల దుకాణాల్లో ఉద్యోగుల డ్యూటీ వేళల్ని నిలకడగా ఉండేలా మార్చి చూశారు. అప్పటికప్పుడు రమ్మనడం, అప్పటికప్పుడు వద్దనడం తగ్గించారు. అక్కడ అమ్మకాలు 7 శాతం పెరిగాయి, ఉద్యోగులకు నిద్ర మెరుగైంది. ఎవరికీ ధ్యానం నేర్పలేదు. ఎప్పుడు రావాలో సరిగ్గా చెప్పారు, అంతే.

యోగా తరగతిని తీసిపారేయమని నేను అనను. దిగులు జబ్బుగా ముదిరినవాడికి డాక్టరు కావాలి, మందు కావాలి, అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషి కావాలి. దిగులు వల్లా ఆందోళన వల్లా ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంస్థ 2022లో పనిచోట్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో పనిని ఏర్పాటుచేసే తీరు సరిదిద్దమనీ, పైవాళ్ళకు శిక్షణ ఇమ్మనీ కూడా ఉంది. మన కంపెనీలు ఆ రెండింటినీ దాటేసి నేరుగా యాప్ దగ్గరికి వెళ్ళిపోతున్నాయి. యాప్ కొనడం తేలిక. మేస్త్రీని మార్చడం కష్టం.

మేస్త్రీ అన్న మాట ఊరికే రాలేదు. మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు పెద్దవాళ్ళు ఈ ఊరిని, అంటే అప్పటి రంగూన్‌ను, రంగం అంటారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలెక్కి, డెక్కు మీదే తిని, డెక్కు మీదే పడుకుని, వేల మంది ఇక్కడికి వచ్చేవారు. బర్మావాళ్ళకు వీళ్ళంతా కోరంగీలు. గోదావరి దగ్గరి కోరంగి రేవును 1839 తుఫాను ముంచేసినా, దాని పేరు మాత్రం రంగంలో ప్రతి తెలుగు కూలీకీ అంటుకుని ఉండిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి ఈ నగరంలో 4 లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులు. ఓడల్లో సరుకు దించేది, ఎక్కించేది ఎక్కువగా మనవాళ్ళే. రిక్షా లాగేదీ, బియ్యం మిల్లులో బస్తా మోసేదీ మనవాళ్ళే.

వాళ్ళకు పని ఎలా దొరికేదో చూస్తే వాళ్ళ మనసు ఎలా ఉండేదో తెలిసిపోతుంది. ఓడ కంపెనీ సరుకు దించే పనిని స్టీవడోరుకు, అంటే రేవు కాంట్రాక్టరుకు, అప్పగించేది. స్టీవడోరు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ ముఠా మేస్త్రీకి. కూలీకి ఓడ చార్జీ ఊళ్ళోనే బయానాగా ఇచ్చింది ఆ మేస్త్రీయే కాబట్టి, ఆ బాకీ తీరేదాకా అతను చెప్పిందే పని, ఇచ్చిందే కూలి. పై నుంచి దిగే డబ్బులో ఇన్ని చేతులు తీసుకున్నాక మిగిలిందే వీడిది. ఓడ వస్తే పని ఉంది, రాకపోతే లేదు. గదులు సరే సరి, కొద్దిమందికి చాలని చోట గుంపులుగా పడుకునేవాళ్ళు. రంగూన్‌లో వలస కూలీల వ్యవహారాలు చూసిన అధికారి ఆండ్రూ రాసి 1933లో అచ్చయిన పుస్తకంలోనూ, 1931లో వచ్చిన కార్మిక రాయల్ కమిషన్ నివేదికలోనూ ఈ బతుకు లెక్కలకెక్కింది. అప్పులు రాశారు, కూలి రేట్లు రాశారు, గదుల ఇరుకు రాశారు. ఆ ఇరుకులో పడుకున్నవాడి గుబులు రాసుకునే గడి ఆనాటి పట్టికల్లో లేదు.

యాంగోన్ శివారులో తెలుగు మాట్లాడే ఒక పెద్దాయన నాకు పరిచయం. ఇక్కడే పుట్టాడు, ఇక్కడే ముసలివాడయ్యాడు. ఇంట్లో మనవలు బర్మీస్‌లో మాట్లాడితే ఆయన తెలుగులో జవాబిస్తాడు. ఆయన తాత రేవు కూలీ. బస్తాలు మోయడం ఎంత కష్టంగా ఉండేదో చెప్పేవాడా అని అడిగాను.

"బస్తా బరువు గురించి మా తాత ఎప్పుడూ సెప్పలేదు బాబూ," అన్నాడు. "పొద్దుటే మేస్త్రీ ఎవులి పేరు పిలుస్తాడో, ఎవులి పేరు మానేస్తాడో... ఆ గుబులే సెప్పీవోడు. ముసలాడయ్యాక కూడా తెల్లారగట్ల ఉలిక్కిపడి లేచీసేవోడు. పనికి పిలిసినారేటి అని అడిగీవోడు."

1930 మే నెలలో ఆ రేవులో జరిగింది నేను మర్చిపోలేను. ఆ నెల 5న గాంధీని అరెస్టు చేశారు. అదే రోజు బర్మాలో పెగూ భూకంపం వచ్చి రంగూన్ కూడా కదిలింది. ఆ తర్వాత తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. ఓడలు ఆగకూడదు గనుక యాజమాన్యాలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. అంతకుముందు రేవు పనిలో వాళ్ళకు పెద్దగా చోటు లేదు. వాళ్ళు చెమటోడ్చి పని నేర్చుకుంటున్నారు. ఇంతలో సమ్మె తేలిపోయింది, పాతవాళ్ళను వెనక్కి తీసుకోవాలని ఒప్పందమైంది.

మే 26, సోమవారం. బర్మా కూలీలు ఆ పొద్దున్న కూడా యథాప్రకారం రేవుకు వచ్చారు. తెలుగు కూలీలూ వచ్చారు. ఇక మీకు పని లేదు అన్న మాట బర్మావాళ్ళకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. జెట్టీ మీదికి వచ్చి, తమ చోట ఇంకొకరు నిలబడి ఉండటం కళ్ళారా చూసి తెలుసుకున్నారు. మనవాళ్ళు ఎగతాళి చేశారని అంటారు. చేసే ఉంటారు. దాదాపు మూడు వారాలు పస్తులున్న కోపం ఎవరి మీద చూపాలో తెలియనివాడు, ఎదురుగా ఉన్న పేదవాడి మీదే చూపుతాడు. దెబ్బలాట మొదలైంది. రేవు దాటి వీధుల్లోకి పాకింది. కొద్ది రోజుల్లో వంద మందికి పైగా చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తర్వాత 'ట్రయల్స్ ఇన్ బర్మా' అనే పుస్తకంలో ఆ రోజుల్ని రాశాడు.

ఆ అల్లర్లకు చాలా కారణాలు చెబుతారు. ధరలు పడిపోవడం, రైతుల చేతిలోంచి భూములు జారిపోవడం, వలసపాలనలో ఏళ్ళ తరబడి పేరుకున్న మంట. అన్నీ నిజమే. అయినా నా మనసు ఆ సోమవారం పొద్దుటి దగ్గరే ఆగుతుంది. ఆదివారం సాయంత్రమే ఎవరైనా ఒక మేస్త్రీని పంపించి, ఇదీ ఒప్పందం, మీకు ఇవ్వాల్సిన కూలి ఇదిగో, సగం ముఠాలు మీకు ఉంచుతాం అని చెప్పి ఉంటే? అల్లర్ల తర్వాత పనిని ఇద్దరికీ పంచే ఏర్పాటు చేశారు. చేయగలిగిన పనే అన్నమాట. అంతమంది చచ్చాక చేశారు.

ప్రాణభయంతో ఉన్న మనవాళ్ళను దాచడానికి ఊళ్ళో చోటు కావలసివచ్చింది. ఖాళీగా పడున్న పాత పిచ్చాసుపత్రి దొరికింది. సుమారు 7,000 మందిని అక్కడికి చేర్చి తిండి పెట్టారు. ఆసుపత్రిని అప్పటికి వేరే చోటికి మార్చేశారు. ఆ గోడల మధ్య రోగులు లేరు. బస్తాలు మోసి ఇంటికి డబ్బు పంపుకునే ఆరోగ్యవంతులు, తమ తప్పేమిటో తెలియనివాళ్ళు, తడికెల చాటున కూర్చున్నట్టు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. రేవు కూలీ మనసుకూ మానసిక వైద్యశాలకూ ఆ రోజుల్లో కలిసిన సంబంధం ఆ కట్టడం ఒక్కటే. వాళ్ళలో ఎంతమందికి ఆ తర్వాత సరిగ్గా నిద్రపట్టిందో అడిగినవాళ్ళు లేరు. బ్రిటిష్‌వాళ్ళు 1912లో చేసిన పిచ్చివాళ్ళ చట్టం భారతదేశంలో 1987 నాటి కొత్త చట్టం 1993లో అమల్లోకి వచ్చేదాకా నడిచింది, బర్మాలో ఇంకా ఎక్కువ కాలం నడిచింది. ఆ చట్టం మనిషిని ఎప్పుడు లోపల పెట్టాలో చెబుతుంది. లోపలికి వెళ్ళే స్థితికి అతన్ని ఎవరు తెచ్చారో దానికి అక్కర్లేదు.

ఇదంతా చదివాక నేను మా గోడౌనుకు వెళ్ళి చూశాను. మినుములు జల్లించి, రాళ్ళూ పుచ్చులూ ఏరే ఆడవాళ్ళు అక్కడ వరసగా కూర్చుంటారు. చెంపలకు చెట్టు బెరడు అరగదీసిన తనాకా పూత, చెవిలో ఇయర్‌ఫోను, వేళ్ళు గింజల మీద చూపు కన్నా వేగంగా కదులుతుంటాయి. వాళ్ళది రోజు కూలి. లోడింగు ఉంటే పని, లేకపోతే లేదు. ఆ లోడింగు దేని మీద ఆధారపడుతుంది? ఢిల్లీలో మినుముల దిగుమతికి ఇచ్చిన గడువు పొడిగిస్తారా లేదా అన్న ఒక్క ప్రకటన మీద కూడా. గడువు దగ్గరపడే కొద్దీ కొనేవాళ్ళు ఆగుతారు, ధర ఊగుతుంది, కంటైనర్లు ఆగుతాయి. మాకు ఆ వార్తలు వాట్సాప్‌లో నిమిషాల మీద వస్తాయి. ఆ ఆడవాళ్ళకు మాత్రం గేటు దగ్గరికి వచ్చాకే తెలిసేది. బస్సు డబ్బులు పెట్టుకుని వచ్చి, వెనక్కి తిరిగేవాళ్ళు. 1930 నాటి జెట్టీకీ మా గేటుకూ తేడా ఎంత?

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం వచ్చే వారం ఎన్ని కంటైనర్లు ఉన్నాయో ఒక బోర్డు మీద బర్మీస్‌లో రాస్తున్నాం. అనుమానంగా ఉంటే అనుమానంగా ఉందని రాస్తున్నాం. పని లేదని రాయాల్సి వచ్చిన వారం నాకు చేయి ఆడలేదు. వాళ్ళలో పెద్దావిడ దాన్ని చదివి తల ఊపింది. లేదని తెలిస్తే ఇంకోచోట చూసుకుంటాం, తెలియకపోతేనే ఇంట్లో కూర్చుని ఒకరి మీద ఒకరం అరుచుకుంటాం అంది. గేటు దాకా వచ్చి తిరిగి వెళ్ళాల్సి వస్తే సగం కూలి ఇవ్వాలని మేం కొందరం అడుగుతున్నాం. అది ఇంకా తేలలేదు. తేలేదాకా అడుగుతాం.

ఆఫీసు చేతిలో లేని రేపు కూడా ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ఇక్కడ నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు దాని కిందికి వస్తారు. ఆ వారం మా కుర్రాళ్ళ ముఖాలు చూడలేకపోయాను. నవ్వుతూ తిరిగే డ్రైవరు మాట మానేశాడు. చీకటి పడ్డాక వీధిలోకి రావడం మానేసినవాళ్ళు, చెప్పకుండా సరిహద్దు వైపు వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. అలాంటి భయానికి ఏ మేనేజరు దగ్గరా మందు లేదు. కాబట్టి చేతిలో ఉన్నవే చేశాం. వెలుగుండగానే ఫెర్రీ బయలుదేరేలా చూశాం. వెళ్ళిపోయినవాడి జీతం ఎన్ని రోజులకు ఎంతో లెక్కకట్టి వాళ్ళ అమ్మకు చేర్చాం. వెనక్కి వస్తే పని ఉందా అని ఆవిడ అడిగింది. ఉందో లేదో అప్పటికి ఏం చెప్పగలమో అంతే చెప్పాం. ఉందని అబద్ధం చెప్పి ఆవిడను నెలల తరబడి ఎదురుచూసేలా చేయడం కన్నా, నిజం చెప్పి ఆవిడ పక్కన కాసేపు కూర్చోవడం మేలని నాకు తోచింది.

చెప్పగలిగి కూడా చెప్పకపోవడం మన దగ్గరా ఉంది. హైదరాబాద్‌లో మా చిన్నాన్న కొడుకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున్న అతని లాగిన్ పనిచేయలేదు. కంప్యూటర్ పాడైందనుకుని సాయం చేసేవాళ్ళకు ఫోన్ చేసి, వరసలో వేచి ఉన్నాడు. చాలాసేపటికి ఫోనులో వేరే మెయిల్ చూసుకుంటే ఉద్యోగం పోయిందని తెలిసింది. ఆ కంపెనీలో మానసిక ఆరోగ్య వారోత్సవాలు జరిగేవి, గోడల నిండా రంగు కాగితాలు ఉండేవి. ఉద్యోగం పోయినందుకు అతను పెద్దగా బాధపడలేదు, కొన్ని నెలల్లో ఇంకొకటి వచ్చింది కూడా. కానీ ఇప్పటికీ పొద్దున్న పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు గుండె దడ అన్నయ్యా అంటాడు. సోమవారం పొద్దున్న జెట్టీకి వచ్చిన బర్మా కూలీకి ఆ దడ బాగా అర్థమవుతుంది.

మేస్త్రీలు పోయారు, ఏజెంట్లు వచ్చారు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, మన కుర్రాళ్ళను నది దాటించి మయన్మార్ సరిహద్దులోని మ్యావడీ దగ్గర సైబర్ మోసాల శిబిరాల్లో పడేశారు. పాస్‌పోర్టు లాక్కున్నారు. రోజుకు ఇంతమందిని మోసం చేయాలని లెక్క పెట్టారు, చేయలేకపోతే కొట్టారు. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాలు థాయ్‌లాండ్‌లోని మే సాత్ నుంచి రెండు విడతల్లో 540 మందికి పైగా మనవాళ్ళను వెనక్కి తెచ్చాయి. వాళ్ళలో తెలంగాణ, ఆంధ్ర కుర్రాళ్ళూ ఉన్నారు. రంగం కూలీకి కనీసం తాను బస్తా మోయడానికి వెళ్తున్నానని తెలుసు. వీళ్ళకు అదీ తెలియదు.

అలా తిరిగి వచ్చినవాడిని ఊళ్ళో మొదట అడిగేది, ఎంత తెచ్చావని. రెండో ప్రశ్న, నువ్వూ జనాన్ని మోసం చేశావా అని. ఈ రెండూ అడక్కండి. అతనికి నిద్ర పట్టకపోతే, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతుంటే, అది నటన అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ కలిపి అతని చేతికివ్వండి, పక్కన ఉండమంటే ఉండండి.

ఇంకా వెళ్ళని కుర్రాళ్ళు మా జిల్లాలో చాలామంది ఉన్నారు. ఏజెంటు ఇంటికి వచ్చినప్పుడు జీతం ఎంతో ఒక్కటే అడిగి సరిపెట్టుకోకండి. జీతం ఎవరు ఇస్తారు, మానేస్తానంటే ఎలా పంపిస్తారు అని కూడా అడగండి. ఆ రెండూ కాగితం మీద రాసి సంతకం పెట్టనివాడి చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి.